పాతబడిన పిలుపు

"పుస్తకము హస్తభూషణము" అను మాట వ్రాసియుండని గ్రంథాలయపు గోడ తెలుగునాట అరుదు. సున్నము వేసినప్పుడెల్ల ఆ మాటను అదే చోట, అదే నీలి అక్షరములతో తిరిగి వ్రాయింతురు. దాని క్రింద ఒక బెంచీ, బెంచీ మీద నిన్నటి దినపత్రిక, తలుపునకు పనివేళలు తెలుపు రేకుపలక. ఏటేట నవంబరు 14వ తేదీన గ్రంథాలయ వారోత్సవములు వచ్చును. ఒక సభ జరుగును. అధ్యక్షుడు పఠనము వలన కలుగు లాభములను వివరించును. వక్తృత్వపు పోటీలో గెలిచిన బాలబాలికలకు బహుమతులు పంచుదురు. వారము ముగిసిన పిమ్మట బెంచీ యథాప్రకారము ఖాళీ యగును. సభకు వచ్చినవారు ముందునుండియు చదువరులే. రానివారి కొరకే ఆ సభ పెట్టితిమన్న సంగతి కార్యకర్తలకు సైతము మరపున పడియుండును.

ఇది ఏ యొక్క ఊరి సంగతియు కాదు. కాని సేవాసంఘముల పిలుపు ఎట్లు పాతబడునో, దానిని తిరిగి క్రొత్తది చేయుట ఎట్లో ఆలోచించుటకు కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములు మంచి తావులు. కామారెడ్డి పెద్దత్రోవ మీది పట్టణము. హైదరాబాదు నుండి నాగపూరునకు పోవు జాతీయ రహదారియు, సికిందరాబాదు నుండి మన్మాడునకు పోవు రైలుమార్గమును దానిని ఒరసికొనియే పోవుచున్నవి. బెల్లపు వర్తకమునకు పేరుపడిన ఊరు. 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లానుండి విడివడి తానే యొక జిల్లాకు కేంద్రమైనది. ఎల్లారెడ్డి అట్టిది కాదు. అచ్చటికి రైలు లేదు. ఒక దెస మంజీరపై 1931లో నిర్మాణము ముగిసిన నిజాంసాగరము, మరొక దెస పోచారము అడవి. చుట్టుప్రక్కల లంబాడీల తండాలు. రెండింటియందును పొలమునకు పోవువారున్నారు, బీడీలు చుట్టువారున్నారు, దుబాయికి, మస్కటునకు పోయినవారి కుటుంబములున్నవి. ఇందరికిని ఒకే గోడమాట చాలునా యన్నదే ప్రశ్న.

ఈ పిలుపు పుట్టినప్పుడు పాతది కాదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కచేరీలోను, పాఠశాలలోను తెలుగునకు చోటులేని ఆ రాజ్యములో తెలుగు అక్షరములతో ఒక బోర్డు కట్టుటయే పెద్ద ప్రకటన. ఇరువది యేండ్ల తరువాత, 1921 నవంబరులో, అదే నగరమున వివేకవర్ధనీ నాటకశాలలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ అవమానము నుండి ఆంధ్రజనసంఘము పుట్టినది. గ్రంథాలయములు, పఠనమందిరములు, పాఠశాలలు నెలకొల్పుట దాని ఆశయములలో ముఖ్యమైనవి.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. భాషాభిమానమను పిలుపునకు పట్టణములందలి వకీళ్ళు, విద్యావంతులు పలికిరి. పల్లెలోని వర్తకునకు, రైతునకు అది చాలదు. మాడపాటి హనుమంతరావు ప్రభృతులు దానిని త్వరలోనే గ్రహించిరి. సంఘము వెట్టిచాకిరిని గూర్చియు, వర్తకుల స్వాతంత్ర్యమును గూర్చియు చిన్న చిన్న పుస్తకములు అచ్చువేసి పంచినది. బలవంతపు చాకిరి చేయుచున్నవానికి అది చట్టవిరుద్ధమని తెలిపిన పుస్తకము హస్తభూషణము కాదు, చేతికందిన కఱ్ఱ. అక్షరము రానివాడు సైతము దానిని చదివించుకొని వినును.

1934లో సురవరము ప్రతాపరెడ్డి చేసిన పనియు ఇట్టిదే. తెలంగాణములో కవులు పూజ్యమను మాట పుట్టినప్పుడు ఆయన ఖండనోపన్యాసములతో కాలము గడపలేదు. 354 మంది కవుల రచనలు సేకరించి 'గోలకొండ కవుల సంచిక'గా అచ్చొత్తించెను. వాదము పాతబడును, పేర్ల పట్టిక పాతబడదు.

వట్టికోట ఆళ్వారుస్వామి కథ ఈ జిల్లాలకు మరింత దగ్గరది. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన ఈయన పుస్తకములను అంగడిలో పేర్చి కొనువారి కొరకు ఎదురుచూడలేదు. మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. ప్రచురణకర్త, ప్రచారకుడు, కూలి, గుమాస్తా అన్నియు ఆయనయే. ఎదుటివాడు కొనలేడని తెలిసినను, ఏమి చదువగోరుచున్నాడో ఆ నిమిషముననే తెలియును గదా! నిజాము పాలన చివరి దినములలో ఆయన నిజామాబాదు జైలులో ఖైదీగా నుండెను. జైలుగోడపై బొగ్గుతో పద్యము వ్రాసిన దాశరథి కృష్ణమాచార్య అచ్చట ఆయనకు తోడు. గోడమీది వ్రాత యొకప్పుడు ఎంత వేడిగా నుండెనో మన వారోత్సవపు గోడలు చూచువారికి ఊహ కందదు.

కోస్తా ప్రాంతమున గ్రంథాలయోద్యమము వేరొక రీతిగా నడచినది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. అయ్యంకి వేంకటరమణయ్య ఊరూరను గ్రంథాలయములు పెట్టించెను. ఐనను పుస్తకములు బీరువాలోనుండి కదలవను బాధ అచ్చటివారికిని తప్పలేదు. గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణము ఆ బాధకు ఒక మందు కనిపెట్టెను. పెదపాలెములోని గ్రంథాలయమును నడిపిన ఈయన 1935లో పుస్తకములను పడవకెత్తించెను. పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువపై ఆ పడవ సాగినది. రేవునకు నీళ్ళకై వచ్చువారున్నారు, బట్టలుతుకుటకు వచ్చువారున్నారు, ధాన్యము పడవకెక్కించువారున్నారు. పుస్తకము కొరకు వచ్చువారు లేరు. కావున వారు వచ్చుచోటికి పుస్తకమే పోయినది. తమిళనాట మన్నార్‌గుడిలో 1931లోనే ఎడ్లబండి గ్రంథాలయము బయలుదేరినది. 'గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములు' రచించిన రంగనాథన్ మహాశయుని ప్రోత్సాహము దానికి కలదు. ఆ గ్రంథమును అదే సంవత్సరమున వెలువడినది.

పడవ కదలిన 1935వ సంవత్సరముననే సముద్రముల కావల అమెరికాలోని కెంటకీ కొండలలో గుఱ్ఱములపై పుస్తకములు బయలుదేరినవి. అది గొప్ప ఆర్థికమాంద్యపు కాలము. ప్రభుత్వపు ఉపాధి పథకము క్రింద స్త్రీలు గుఱ్ఱములపైనను, కంచరగాడిదలపైనను వాగులు దాటి, రోడ్డు లేని లోయలలోని గుడిసెలకు పుస్తకములు చేర్చిరి. ఆ పని 1943 వరకు సాగినది. మొదట కొండజనులు వారిని అనుమానముగా చూచిరి. బయటినుండి వచ్చి ఉచితముగా ఏదైన ఇచ్చువారిని నమ్మరాదని పల్లెలకు అనుభవము నేర్పిన పాఠము. అది మన తండాలకును తెలియును. ఆ స్త్రీలు పఠనమహిమను బోధింపలేదు. ముందుగా బైబిలు చదివి వినిపించిరి. తరువాత ఇంటింటి వంటకముల విధానములు, బొంతలపై కుట్టు నమూనాలు సేకరించి, పాత పత్రికలలోని బొమ్మలతో గూడ అతికించి, కుట్టి పుస్తకములు చేసిరి. ఒక లోయలోని వంట మరొక లోయకు పోయినది. అడిగి తెప్పించుకొనిన పుస్తకములలో ఈ అతుకుల పుస్తకములకు మంచి గిరాకి యుండెను. అచ్చు పుస్తకములు చాలక చేసిన పని యిది. ఐనను తమ యింటి మాట పుస్తకములో కనబడిన వానికి పుస్తకమన్న బెదురు తీరునని దీనివలన తేలినది.

ఇన్ని ఉదాహరణలలోను కనబడునది ఒక్కటే. సంఘము తన అవసరమును చెప్పుకొనినంత కాలము ఎవరును వినరు. మాకు సభ్యులు కావలెను, మాకు విరాళములు కావలెను, మా వార్షికోత్సవమునకు రండు, మా గ్రంథాలయము నుపయోగించుకొనుడు: ఇట్టి ప్రకటనలన్నిటికి కర్త సంఘమే. వినువాడు కర్మ మాత్రమే. (వ్యాకరణము బోధించు ఉపాధ్యాయులు ఈ వాక్యములను పాఠముగా నుపయోగింపవచ్చును.) రంగు మార్చినను, అక్షరములు పెద్దవి చేసినను, చేతిఫోనులోనికి పంపినను అది పాత పిలుపే. నేడు అనేక సంఘములు చేయుచున్న పొరపాటిదియే. పాత కరపత్రమును ఫొటో తీసి పంపి, కాలముతో నడచుచున్నామని తృప్తిపడుచున్నవి.

కామారెడ్డి వంటి పట్టణములలో నేడు పఠనమందిరములు నిండుగానే యున్నవి గదా యని యెవరైన అడుగవచ్చును. నిజమే. ఉద్యోగపు పోటీపరీక్షలకు సిద్ధమగు యువతీయువకులతో తెలంగాణములోని గ్రంథాలయములు కిటకిటలాడుచున్నవి. వారిని తక్కువ చేయుట తగదు. ఇంట స్థలము లేనివారికి ఒక కుర్చీ, ఒక పంకా, నిశ్శబ్దము దొరకుట చిన్న విషయము కాదు. కాని వారిలో పెక్కుమంది తమ పుస్తకములు తామే తెచ్చుకొందురు. బీరువా తాళము తీయవలసిన పని బడదు. ఉద్యోగము వచ్చిననాడు గాని, వయఃపరిమితి దాటిననాడు గాని వారు వెడలిపోవుదురు. కుర్చీలు నిండుటయే కొలతగా పెట్టుకొనిన గ్రంథాలయమునకు వెలుపలనున్న వారు కనబడరు.

వెలుపలనున్నవారిలో బీడీలు చుట్టు స్త్రీలు ముఖ్యులు. నిజామాబాదు, కామారెడ్డి జిల్లాల పల్లెలలో ఇంటి ముంగిట నలుగురైదుగురు కూడి, ఒడిలో చాటలు పెట్టుకొని, ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టుట నిత్యము కనబడు దృశ్యము. ఎన్ని చుట్టిన అంత కూలి. చేతికి క్షణము తీరిక లేదు. అట్టివారితో పుస్తకము చేతికి ఆభరణమని చెప్పుట ఎంత విపరీతము! వారికి ఖాళీగా నున్నవి చేతులు కావు, చెవులు.

ఈ సంగతిని క్యూబా దేశపు చుట్టల కార్మికులు 1865లోనే కనుగొనిరి. హవానా నగరములోని ఒక కర్మాగారమున పొగాకు చుట్టువారు తమ కూలిలో కొంత వేసికొని ఒకనిని చదువరిగా నియమించుకొనిరి. అతడు ఎత్తైన పీటపై కూర్చుండి దినపత్రికలను, నవలలను బిగ్గరగా చదువును. వందలాది చేతులు చుట్టలు చుట్టుచునే యుండును. ఏమి చదువవలెనో నిర్ణయించువారు కార్మికులే. వారు కోరుకొనినవి యెవ్వి? డ్యూమా, హ్యూగో వంటి మహారచయితల నవలలు. డ్యూమా కథానాయకుడగు మాంటిక్రిస్టో పేరు ఒక చుట్టల రకమునకే వచ్చుటకు ఈ పఠనమే కారణమని చెప్పుకొందురు. మన పొరుగున కేరళలో, కన్ననూరు ప్రాంతపు బీడీ కార్మికులును ఈ పద్ధతినే యనుసరించిరి. ఒకడు పత్రిక చదువును; అతడు పోగొట్టుకొను బీడీలను తక్కినవారు చుట్టియిత్తురు. 1969లో ఏర్పడిన దినేశ్ బీడీ సహకార సంఘపు పనిశాలలలో ఈ పఠనము పేరొందినది.

కామారెడ్డి పల్లెలలో పని పెద్ద పనిశాలలలో జరుగదు, ఇండ్ల ముంగిళ్ళలో జరుగును. కావున ఇచ్చట చదువరి ముంగిలికి పోవలెను. ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక తన తల్లి కూర్చుండుచోట కూర్చుండి అరగంట చదువగలదు. ఏమి చదువవలెనని మొదట అడుగవలెను. భవిష్యనిధి కాగితములో ఏమున్నదని వారడుగవచ్చును, పింఛను దరఖాస్తు ఎట్లు నింపవలెనని యడుగవచ్చును, లేక కథ చెప్పుమనవచ్చును. దరఖాస్తు చదువుట సాహిత్యసేవయా యని ముఖము చిట్లించువారికి హవానా కార్మికులే సమాధానము: ఎన్నుకొను హక్కిచ్చిన పిదప వారు డ్యూమాను ఎన్నుకొనిరి.

ఎల్లారెడ్డి వైపు పోయిన కొలదియు సమస్య మారును. తండాలోని పిల్లవాడు ఇంట గోర్‌బోలి మాటలాడును. బడిలోని పుస్తకము తెలుగు. గ్రంథాలయపు బోర్డు మరింత సంస్కృతభూయిష్ఠమైన తెలుగు. 1921లో తెలుగువాడు తన భాషలో మాటలాడినందుకు ఏ సభలో నవ్వులపాలయ్యెనో ఆ సభను తలచి నేటికిని నొచ్చుకొను మనము, తండా బాలుని నోటిమాటకు మన గ్రంథాలయములో ఎంత చోటిచ్చితిమి? కెంటకీ స్త్రీల అతుకుల పుస్తకమునకు ఇంతకంటె తగిన చోటు లేదు. అవ్వలు పాడు పాటలను, చెప్పు కథలను పిల్లలే తెలుగు లిపిలో వ్రాసి, బొమ్మలు వేసి, దారముతో కుట్టిన నోటుబుక్కు ఒకటి తండాలో చేతులు మారినచో, వారోత్సవపు ఉపన్యాసములు పది చేయలేని పని అది చేయును. ఖర్చు ఒక నోటుబుక్కు, ఒక దారపుండ.

గల్ఫునకు పోవువారి విషయము మరింత తొందరపెట్టునది. ఏజెంటు చేతికిచ్చిన కాగితములో జీతమెంత, పనియేది, గడువెంత యని చదివి తెలిసికొనక సంతకము చేసినవాని కష్టము ఈ ప్రాంతపు పల్లెలకు చెప్పవలసిన పని లేదు. ఆ కాగితమును చదివి పెట్టు బల్ల ఒకటి గ్రంథాలయములో నున్నచో, అప్పుచేసి ప్రయాణము కట్టబోవు వాడు ముందుగా ఆ గుమ్మము తొక్కును. అట్టి బల్ల యొద్ద కూర్చుండువానికి తెలిసినంత చెప్పి, తెలియనిదానికి ఏ కచేరీకి పోవలెనో చూపు నిజాయితీ యుండవలెను. పొరబాటు సలహా పుస్తకము లేకుండుటకంటె ప్రమాదము.

పిలుపు నిజముగా క్రొత్తదైనచోట జనము వచ్చుటతోనే ఆగరు. నెల్లూరు జిల్లా దీనికి సాక్ష్యము. 1991లో అచ్చట సాగిన సంపూర్ణ అక్షరాస్యతోద్యమములో కళాజాతాల పాటలు, వీధినాటకములు పల్లెస్త్రీలను రాత్రి తరగతులకు రప్పించినవి. వారి పాఠములలో సారా వలన చితికిన కుటుంబపు కథ యుండెను. అది వారింటి కథయే. దూబగుంట స్త్రీలు కథ చదివి పలకలు ప్రక్కన పెట్టి, సారా అంగడిని మూయించిరి. ఉద్యమము జిల్లాయంతటను ప్రాకినది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. అక్షరములు నేర్పబోయినవారు ఇంతటి ఫలితమును ఊహించి యుండరు. వినువారి అవసరమును ముందు నిలుపు సంఘము, ఆ అవసరము తనను ఎచ్చటికి లాగుకొనిపోవునో దానికిని సిద్ధపడవలెను. చాల సంఘములు పాత పిలుపునే పట్టుకొని వ్రేలాడుటకు ఈ భయమును ఒక కారణము కావచ్చును.

ధనము మాట కొంత చెప్పవలెను. 1960 నాటి గ్రంథాలయ శాసనము ననుసరించి ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు సెస్సు వసూలగును. అది జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఆధారము. స్వచ్ఛందముగా నడచు పఠనమందిరములకు చందాలే దిక్కు. దాతల యొద్దకు పోవు విన్నపమును పాతబడినదే: విద్యాదానము మహాపుణ్యమని. 1906లో పుట్టిన విజ్ఞానచంద్రికా మండలివారు పుణ్యము మాట యెత్తలేదు. శాశ్వత చందాదారులను చేర్చుకొని వారికి తగ్గింపు ధరకు పుస్తకములు పంపిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వ్రాసిన లింకను చరిత్రము, కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతుల చరిత్ర, శాస్త్రగ్రంథములు అట్లు వెలువడినవి. దాత ఒకమారిచ్చి మరచును. చందాదారుడు తరువాతి పుస్తకమునకై ఎదురుచూచును. పల్లెలోని చిన్న సంఘమును ఇచ్చినవానికి ఏటికి నాలుగు మారులు ఒక కార్డు వ్రాయవచ్చును: మీ సొమ్ముతో కొనిన పుస్తకమిది, ఇన్ని చేతులు మారినది, అట్ట చినిగినది, మరల కుట్టించితిమి. అట్ట చినిగిన వార్తకంటె దాతకు సంతోషము కలిగించు వార్త వేరొకటి యుండదు.

ఉపాధ్యాయులు, విద్యార్థులు చేయగల పని యిందులో చాలయున్నది. ఏలయన, ఊరిలో ఎవరు ఎప్పుడెచ్చట కూర్చుందురో పిల్లలకు తెలిసినట్లు సంఘపు కార్యదర్శికి తెలియదు. మొదటి పని పుస్తకముల పట్టిక కాదు, రానివారి పట్టిక. ఏ వీధివారు రారు, ఏ వేళ వారికి తీరిక, ఎవరి మాట వారు విందురు: ఈ మూడు ప్రశ్నలు ఒక తరగతి పిల్లలు ఒక వారములో తెలిసికొని వ్రాయగలరు. పిదప ప్రకటన దానంతట అదే మారును.

పాత ప్రకటన యిట్లుండును: "గ్రంథాలయ వారోత్సవముల సందర్భమున జరుగు బహిరంగసభకు ఎల్లరు విచ్చేసి జయప్రదము చేయ ప్రార్థన." దాని ప్రక్కన, పాత క్యాలెండరు వెనుకవైపున, ఒక విద్యార్థిని తన ఊరి మాటలో ఇట్లు వ్రాసి వేపచెట్టునకు కట్టవచ్చును: "గురువారం పగటిపూట మూడు గంటలకు ఈ చెట్టు కిందనే. పీఎఫ్ చిట్టీల ఏం రాసిండ్రో చదివి చెప్తం. తర్వాత ఒక కథ. చాటలు తెచ్చుకోండ్రి."